బ్యాకప్ క్వార్టర్‌బ్యాక్ బలం ఎవరికెక్కువ? ఈగల్స్, కౌబాయ్స్ లెక్క తేల్చడం ఎందుకంత కష్టం

అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్‌లో 2015 సీజన్‌లో డాలస్ కౌబాయ్స్ 16 మ్యాచ్‌లాడి నాలుగే గెలిచింది. అందులో మూడు గెలుపులు జట్టు దాడిని నడిపించే ప్రధాన క్వార్టర్‌బ్యాక్ టోనీ రోమో బరిలో దిగిన నాలుగు మ్యాచ్‌లలో వచ్చినవే. కాలర్‌బోన్ విరిగి అతను కూర్చున్న మిగతా 12 మ్యాచ్‌లకు అతని బదులు ముగ్గురు బ్యాకప్‌లు మారారు. దక్కింది ఒక్క గెలుపు.

రెండేళ్లు తిరిగేసరికి అదే డివిజన్‌లోని (లీగ్‌లో నాలుగు జట్ల గుంపు) ఫిలడెల్ఫియా ఈగల్స్‌కు అంతకంటే పెద్ద దెబ్బ తగిలింది. సీజన్‌లో 33 టచ్‌డౌన్ పాస్‌లు (ప్రత్యర్థి గీత దాటించి పాయింట్లు తెచ్చే పాస్‌లు) వేసి, ఉత్తమ ఆటగాడి అవార్డు రేసులో ఉన్న కార్సన్ వెంట్జ్‌కు 2017 డిసెంబర్ 10న మోకాలి లిగమెంట్ తెగింది. బెంచీ మీదున్న నిక్ ఫోల్స్ లేచి వచ్చాడు. 2018 ఫిబ్రవరి 4న టామ్ బ్రేడీ ఉన్న న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్‌ను 41-33తో ఓడించి ఫిలడెల్ఫియాకు తొలి సూపర్ బౌల్ (లీగ్ ఫైనల్) టైటిల్ తెచ్చిపెట్టాడు. ఆ మ్యాచ్‌లో ఉత్తమ ఆటగాడు కూడా అతనే.

ఈ రెండు కథలూ పక్కపక్కన పెట్టి, 'ఈగల్స్‌కు బ్యాకప్ బలం ఉంది, కౌబాయ్స్‌కు లేదు' అని తేల్చేయడం అభిమానులకు అలవాటైపోయింది. ఏటా ఆగస్టు చివర్లో జట్లు తమ జాబితాలను 53 మందికి కుదించే రోజుల్లో ఈ వాదన మళ్లీ లేస్తుంది. కౌబాయ్స్ ప్రధాన కార్యాలయం, ప్రాక్టీస్ మైదానం ఉన్న ఊరు ఫ్రిస్కో. అక్కడా, చుట్టుపక్కల ప్లేనో, అర్వింగ్‌లలోనూ తెలుగు కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. అక్కడి ఇళ్లలో బడికెళ్లే పిల్లలుంటే ఈ గొడవ రాత్రి భోజనాల దాకా వస్తుంది. వాదన ఆసక్తికరమైనదే. కానీ అది పోల్చవలసిన వాటిని పోల్చడం లేదని నా అభిప్రాయం.

క్వార్టర్‌బ్యాక్ పడిపోతే ఏం పోతుంది

అమెరికన్ ఫుట్‌బాల్ తెలియనివాళ్ల కోసం కాస్త వెనక్కి వెళ్దాం. దాడి చేసే జట్టులో మైదానం మీద 11 మంది ఉంటారు. మ్యాచ్ మొత్తంలో ఒక జట్టు అరవై, డెబ్భై సార్లు ఎత్తు వేస్తుంది. దాదాపు ప్రతిసారీ బంతి ముందు క్వార్టర్‌బ్యాక్ చేతికే వస్తుంది. ఎదుటి డిఫెన్స్ ఎలా నిలబడిందో చూసి, పాస్ వేయాలా, పక్కవాడికి అందించి పరుగెత్తించాలా, తనే పరుగెత్తాలా అన్నది మూడు సెకన్లలోపు తేల్చుకోవాలి. ఒక బౌలర్ గాయపడితే మిగతా నలుగురూ ఓవర్లు పంచుకున్నట్టు ఇక్కడ పంచుకోవడం కుదరదు. ఆ స్థానంలో ఒకసారికి ఒక్కడే ఆడతాడు.

అతనికి ప్రత్యామ్నాయంగా కూర్చునేవాడే బ్యాకప్. బయటికి సులువుగా కనిపించే ఈ ఉద్యోగంలో అసలు కష్టం వారం మధ్యలో ఉంది. ప్రాక్టీస్‌లో మొదటి జట్టుతో ఆడే అవకాశాలు దాదాపు అన్నీ స్టార్టర్‌కే పోతాయి. బ్యాకప్ పని వేరు. ఆదివారం ఎదురు రాబోయే క్వార్టర్‌బ్యాక్ ఎలా ఆడతాడో అలాగే ఆడుతూ సొంత డిఫెన్స్‌ను సిద్ధం చేయాలి. అంటే వారమంతా వేరొకడి ఆట ఆడి, ఆదివారం పిలుపొస్తే తన ఆట ఆడాలి. అదీ, తన పాస్‌లు పట్టే అలవాటు అంతగా లేని రిసీవర్లతో.

మనకు దగ్గరి ఉదాహరణ కావాలంటే విశాఖపట్నం కుర్రాడు కె.ఎస్. భరత్. 2021 నవంబర్‌లో కాన్పూర్ టెస్టులో సాహాకు మెడ పట్టేయడంతో సబ్‌స్టిట్యూట్‌గా దస్తానాలు తొడుక్కుని దిగి, న్యూజిలాండ్ మీద మంచి క్యాచ్‌లు పట్టాడు. అందరూ మెచ్చుకున్నారు. కానీ సొంతంగా టెస్టు అరంగేట్రం చేసింది 2023 ఫిబ్రవరిలో, పంత్ కారు ప్రమాదం తర్వాత. అన్నాళ్లూ అతను ఎంత సిద్ధంగా ఉన్నాడో బయటివాళ్లకు తెలిసే దారి లేదు. బ్యాకప్ క్వార్టర్‌బ్యాక్ విషయంలోనూ చిక్కు ఇదే. చూడకుండానే అంచనా కట్టాలి.

కాబట్టి 'డెప్త్', అంటే బెంచీ బలం, అన్నప్పుడు అడగవలసింది బ్యాకప్ ఎంత గొప్పవాడని కాదు. స్టార్టర్ పోయాక జట్టు ఎన్ని మెట్లు దిగుతుంది అని అడగాలి. ఆ దిగుడు బ్యాకప్ ఒక్కడి చేతిలో లేదు. అతని ముందు నిలబడి కాపాడే లైన్, వెనకాల పరుగెత్తేవాడు, ఎదుటివాళ్ల స్కోరు తగ్గించే డిఫెన్స్, అతనికి తగ్గట్టు ఎత్తులు మార్చే కోచ్, అందరూ అందులో భాగస్తులే.

కాగితం మీద ఒకటి, మైదానంలో ఒకటి

ఎన్ఎఫ్ఎల్ జట్టులో ప్రధాన జాబితా 53 మంది. మ్యాచ్ రోజున దుస్తులు తొడుక్కుని సిద్ధంగా ఉండేది గరిష్ఠంగా 48 మంది. వీళ్లుకాక 16 మంది దాకా ప్రాక్టీస్ స్క్వాడ్ ఉంటుంది. అవసరాన్నిబట్టి అందులోంచి మ్యాచ్‌కు పైకి తెచ్చుకోవచ్చు.

ఈ వెసులుబాటు వల్ల కాగితం మీది జాబితా చూసి బలం లెక్కగడితే బోల్తా పడతాం. 2022 ఆగస్టు చివర్లో కౌబాయ్స్ జాబితా ప్రకటించినప్పుడు ఆ 53 మందిలో ఉన్న క్వార్టర్‌బ్యాక్ ఒక్క డాక్ ప్రెస్కాటే. బ్యాకప్‌లు కూపర్ రష్, విల్ గ్రియర్ ఇద్దరినీ తీసేసి ప్రాక్టీస్ స్క్వాడ్‌లో పెట్టుకుంది. కాగితం ప్రకారం ఆ జట్టు డెప్త్ సున్నా. సెప్టెంబర్ 11న మొదటి మ్యాచ్‌లోనే ప్రెస్కాట్ చేతి బొటనవేలు విరిగింది. తర్వాత ఐదు మ్యాచ్‌లు రష్ ఆడితే కౌబాయ్స్ నాలుగు గెలిచింది.

ఎవరూ పట్టించుకోని పేరు, మధ్య స్థాయి కళాశాల, 2017 డ్రాఫ్ట్‌లో (జట్లు కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే కార్యక్రమం) ఏ జట్టూ ఎంచుకోని ఆటగాడు. అయినా ఏళ్లతరబడి అదే జట్టులో ఉండి ఎత్తుల పుస్తకం కంఠతా పట్టినవాడు. కౌబాయ్స్ నమ్మకం అంతా ఆ చివరి మాట మీదే నిలబడింది.

2022: ఒకే ఏడాది ఇద్దరికీ పరీక్ష

పోల్చడానికి ఇంతకంటే మంచి సందర్భం దొరకదు. ఆ ఏడాది రెండు జట్లూ రెండుసార్లు తలపడితే, ఒకసారి డాలస్ బ్యాకప్, ఇంకోసారి ఫిలడెల్ఫియా బ్యాకప్ ప్రత్యర్థి మైదానంలో ఆడాల్సి వచ్చింది.

అక్టోబర్ 16న రష్ ఫిలడెల్ఫియా వచ్చాడు. అప్పటికి ఆ సీజన్‌లో అతను ఆడించిన నాలుగూ గెలుపులే, ఒక్క ఇంటర్సెప్షన్ (ప్రత్యర్థి చేతికి చిక్కిన పాస్) కూడా లేదు. ఆ రాత్రి మూడు ఇంటర్సెప్షన్లు సమర్పించాడు. డాలస్ 20-0తో వెనకబడింది, 20-17 దాకా లాక్కొచ్చింది, చివరికి 26-17తో ఓడింది.

డిసెంబర్ 24న లెక్క తిరగబడింది. ఈగల్స్ స్టార్టర్ జేలెన్ హర్ట్స్ భుజం నొప్పితో ఆగిపోయాడు. అతని బదులు గార్డ్నర్ మిన్షూ డాలస్ వెళ్లి 355 గజాల పాస్‌లు వేశాడు. రెండు టచ్‌డౌన్ పాస్‌లు, రెండు ఇంటర్సెప్షన్లు. ఈగల్స్ 34 పాయింట్లు చేసి, 40-34తో ఓడింది.

ఇద్దరు బ్యాకప్‌లూ ఓడారు. కానీ ఒకరి జట్టు 17 చేసింది, ఇంకొకరిది 34. మిన్షూ రెట్టింపు మెరుగా? తొందరపడకూడదు. ఆ 34లో ఏడు పాయింట్లు ఈగల్స్ డిఫెన్స్ తెచ్చినవి. ప్రెస్కాట్ పాస్‌ను జాష్ స్వెట్ పట్టుకుని నేరుగా టచ్‌డౌన్‌కు పరుగెత్తాడు. అవి తీసేస్తే మిన్షూ ఆడించిన దాడి వంతు 27. ఇంకో సంగతి కూడా ఉంది. వారం తిరిగాక అదే మిన్షూ సొంత మైదానంలో న్యూ ఓర్లీన్స్ మీద పది పాయింట్లే చేయించగలిగాడు. 20-10తో ఓడిన ఈగల్స్‌ను గట్టెక్కించడానికి చివరి మ్యాచ్‌కు హర్ట్స్ భుజం నొప్పితోనే తిరిగి రావలసి వచ్చింది.

ఇక రష్ నాలుగు గెలుపుల స్కోర్లు చూడండి. సిన్సినాటి మీద 20-17, జెయింట్స్ మీద 23-16, వాషింగ్టన్ మీద 25-10, రామ్స్ మీద 22-10. నాలుగింటిలో ఏ ఒక్క ప్రత్యర్థీ 20 చేరలేదు. రామ్స్ మ్యాచ్‌లో రష్ వేసిన పాస్‌లు 16, సాధించింది 102 గజాలు. మొదటి టచ్‌డౌన్ డిఫెన్స్ ఆటగాడు డిమార్కస్ లారెన్స్‌ది. ఆ గెలుపులు మైకా పార్సన్స్ నాయకత్వంలోని డిఫెన్స్‌వని ఒక వాదన. అది నిజమే. అయితే పాడు చేయకపోవడం కూడా ఒక నైపుణ్యమే అన్నది దానికి జవాబు. 2015లో డాలస్ బ్యాకప్‌లకు చేతకానిది సరిగ్గా అదే. నాకు రెండో వాదనే ఎక్కువ నచ్చుతుంది. బలమైన డిఫెన్స్ ఉన్న జట్టుకు మెరుపులు మెరిపించే బ్యాకప్ కంటే బంతి పోగొట్టుకోని బ్యాకప్ ఎక్కువ విలువైనవాడు.

రెండేళ్ల తర్వాత అదే రష్‌ను అంతే బలం చుట్టూ లేకుండా చూశాం. 2024 నవంబర్‌లో ప్రెస్కాట్ తొడ కండరం చిరిగాక రష్ ఎనిమిది మ్యాచ్‌లు ఆడితే నాలుగు గెలుపులు, నాలుగు ఓటములు. వాటిలో మొదటిది ఈగల్స్ మీద. 23 పాస్‌లకు 45 గజాలు, 34-6 ఓటమి. ఆ మ్యాచ్‌లో ఒక దృశ్యం గుర్తుంచుకోదగ్గది. డాలస్ స్టేడియం పడమటి గోడకు నిలువెత్తు అద్దాలుంటాయి. సాయంత్రం ఎండ వాటిలోంచి నేరుగా మైదానం మీద పడుతుంది. ఎండ్‌జోన్‌లో (టచ్‌డౌన్ చేసే చోట) రష్ తనవైపు విసిరిన బంతి ఆ వెలుగులో సీడీ లాంబ్‌కు కనిపించనే లేదు. టచ్‌డౌన్ కావలసింది కాలేదు. పట్టికలో మాత్రం అది రష్ పేరు మీద ఇంకో విఫలమైన పాస్.

కొన్ని మ్యాచ్‌ల లెక్క ఎందుకు నమ్మకూడదు

ఫోల్స్ దగ్గరికి తిరిగి వద్దాం. సూపర్ బౌల్ గుర్తున్నవాళ్లకు దానికి ముందు నెలలో ఏం జరిగిందో గుర్తుండదు. వెంట్జ్ గాయపడ్డాక ఫోల్స్ జెయింట్స్ మీద బాగా ఆడాడు. క్రిస్మస్ రాత్రి రైడర్స్ మీద 38 పాస్‌లకు సగమే చేరాయి. చివరి వారం, ప్రాధాన్యం లేని మ్యాచ్‌లో, ఇదే కౌబాయ్స్ మీద 11 పాస్‌లు వేస్తే నాలుగు చేరాయి. 39 గజాలు, ఒక ఇంటర్సెప్షన్. మ్యాచ్ 6-0తో డాలస్‌ది. ఆ రాత్రి 'ఏ జట్టుకు బ్యాకప్ బలం ఉంది' అని అడిగితే ఫిలడెల్ఫియా అభిమానులే ఈగల్స్ పేరు చెప్పడానికి తటపటాయించేవారు.

తర్వాత ఏం మారింది? మనిషి మారలేదు. కోచ్ డగ్ పెడర్సన్, తనూ ఒకప్పుడు బ్యాకప్‌గా బతికినవాడే, ఎత్తులను ఫోల్స్‌కు నప్పేలా మార్చాడు. పరుగుకో పాస్‌కో వెళ్లగలిగేలా అమర్చి, చివరి క్షణంలో తేల్చుకునే ఎత్తులు ఎక్కువ చేశాడు. అట్లాంటా మీద 15-10తో డిఫెన్స్ గట్టెక్కించింది. మిన్నెసోటా మీద 38-7తో ఫోల్స్ చెలరేగాడు. ఆ రోజు మిన్నెసోటా తరఫున ఆడిన కేస్ కీనమ్ కూడా సీజన్‌ను బ్యాకప్‌గానే మొదలుపెట్టినవాడు. సూపర్ బౌల్‌లో ఫోల్స్ 43 పాస్‌లలో 28 చేర్చి 373 గజాలు సాధించాడు. తనే రిసీవర్‌గా మారి ఒక టచ్‌డౌన్ పట్టాడు కూడా.

2019లో జాక్సన్‌విల్ అతనికి నాలుగేళ్లకు 8.8 కోట్ల డాలర్ల ఒప్పందం ఇచ్చింది. మొదటి మ్యాచ్‌లోనే అతని కాలర్‌బోన్ విరిగింది. అతని స్థానంలో దిగిన ఆరో రౌండ్ కుర్రాడే గార్డ్నర్ మిన్షూ. మిన్షూ తర్వాత ఫిలడెల్ఫియా బెంచీకి వచ్చాడు. గాయం తగ్గి వచ్చాక కూడా ఫోల్స్ జాక్సన్‌విల్‌లో నిలదొక్కుకోలేకపోయాడు. ఫోల్స్ ఫిలడెల్ఫియాలో చూపిన ఆట ఎంతవరకు ఫోల్స్‌ది, ఎంతవరకు ఫిలడెల్ఫియాది అన్న ప్రశ్నకు ఇంతకంటే సూటి ఆధారం ఉండదేమో.

అయినా ఈగల్స్ పక్షాన ఒక మాట చెప్పాలి. ఇది ఒక్క ఫోల్స్ కథైతే అదృష్టం అనుకోవచ్చు. 2002లో డొనోవన్ మెక్‌నాబ్ చీలమండ విరిగింది, బ్యాకప్ కోయ్ డెట్మర్ మోచేయి తొలిగింది. మూడోవాడు ఎ.జె. ఫీలీ ఆడిన ఐదింటిలో నాలుగు గెలిపించాడు. 2006లో మెక్‌నాబ్ మోకాలు దెబ్బతింటే, ముందు తడబడినా, 36 ఏళ్ల జెఫ్ గార్సియా జట్టును ప్లేఆఫ్స్‌కు (లీగ్ నాకౌట్ దశకు) చేర్చాడు. క్రిస్మస్ రోజున డాలస్ వెళ్లి కౌబాయ్స్‌ను 23-7తో ఓడించడం కూడా అందులో భాగమే. కోచ్‌లు మారినా, మనుషులు మారినా మళ్లీ మళ్లీ జరిగినదాన్ని పూర్తిగా అదృష్టం ఖాతాలో వేయలేం.

మూడోవాడి సంగతి

చాలామంది పోలికలు రెండోవాడి దగ్గర ఆగిపోతాయి. లీగ్ నిబంధననే మార్పించిన మ్యాచ్ మాత్రం మూడోవాడి గురించి, అదీ ఫిలడెల్ఫియాలోనే జరిగింది. 2023 జనవరి 29న ఎన్ఎఫ్‌సీ (లీగ్‌లోని రెండు విభాగాల్లో ఒకటి) ఫైనల్లో శాన్ ఫ్రాన్సిస్కో తరఫున బ్రాక్ పర్డీ దిగాడు. అతనే ఆ సీజన్‌లో వాళ్ల మూడో క్వార్టర్‌బ్యాక్. ఆట మొదట్లోనే మోచేయి దెబ్బతిని వెళ్లిపోయాడు. నాలుగోవాడు జాష్ జాన్సన్ తలకు దెబ్బ తగిలింది. చెయ్యి సరిగా లేవని పర్డీనే మళ్లీ దింపారు. పాస్ వేయలేని క్వార్టర్‌బ్యాక్‌తో వాళ్లు చివరిదాకా నెట్టుకొచ్చారు. ఈగల్స్ 31-7తో గెలిచింది. ఆ మే నెలలోనే లీగ్ కొత్త నిబంధన తెచ్చింది. మ్యాచ్ రోజు జాబితాలో లెక్కకు రాకుండా మూడో క్వార్టర్‌బ్యాక్‌ను అత్యవసరానికి ఉంచుకోవచ్చు. మొదటి ఇద్దరూ గాయంతోనో బహిష్కరణతోనో బయటికి పోతేనే అతను దిగాలి.

మూడోవాడి బలంలో మన రెండు జట్ల తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. 2020లో ప్రెస్కాట్ చీలమండ విరిగింది, బ్యాకప్ ఆండీ డాల్టన్ తలకు దెబ్బ తగిలింది. నవంబర్ 1న ఏడో రౌండ్ కొత్త కుర్రాడు బెన్ డినుచ్చీ ఫిలడెల్ఫియాలో ఆడాల్సి వచ్చింది. ఆ రోజు వెంట్జ్ నాలుగుసార్లు బంతి పోగొట్టాడు. అంత చేజేతులా ఇచ్చినా డాలస్ ఒక్క టచ్‌డౌన్ చేయలేక 23-9తో ఓడింది.

2024 డిసెంబర్ 29న అదే మైదానం. హర్ట్స్ తలకు దెబ్బ తగిలి ఆడలేదు. బ్యాకప్ కెన్నీ పికెట్ పక్కటెముకల నొప్పితోనే మొదలుపెట్టి, మధ్యలో ఆగిపోయాడు. మూడోవాడు టానర్ మెక్కీ వచ్చి రెండు టచ్‌డౌన్ పాస్‌లు వేశాడు. ఈగల్స్ 41-7. డివిజన్ టైటిల్ ఆ రోజే ఖాయమైంది.

కానీ ఇక్కడ కూడా పక్కన ఎవరున్నారో చూడాలి. ఆ రోజు సాక్వాన్ బార్క్లీ 167 గజాలు పరుగెత్తి సీజన్‌లో 2,000 గజాలు దాటాడు. మెక్కీ వచ్చేసరికి మ్యాచ్ దాదాపు ఈగల్స్ చేతిలోనే ఉంది. అటువైపు డాలస్‌కు లాంబ్ భుజం గాయంతో లేడు. డినుచ్చీని, మెక్కీని స్కోరుబోర్డు చూసి పోలిస్తే ఇద్దరికీ అన్యాయం చేసినట్టే.

డబ్బు చెప్పే సంగతి

బ్యాకప్ మీద ఎంత ఖర్చు పెట్టాలన్నది అసలైన తగువు. ఒక చిన్న ఊహా లెక్క వేద్దాం. ఒక జట్టు స్టార్టర్‌తో పది మ్యాచ్‌లలో ఏడు గెలుస్తుందనుకోండి. 17 మ్యాచ్‌లలో అతను నాలుగు ఆడలేదు. మిగతా 13లో వచ్చేవి 9.1 గెలుపులు. ఆ నాలుగింటిలో మంచి బ్యాకప్ సగం గెలిపిస్తే మొత్తం 11.1. నాసిరకం బ్యాకప్ పదిలో మూడే గెలిపిస్తే మొత్తం 10.3. తేడా 0.8, అంటే ఒక గెలుపు కూడా లేదు.

ఆ ఒక్క గెలుపు కోసం ఏం ఇవ్వాలి? 2025లో ఒక్కో జట్టుకు జీతాల పరిమితి 27.92 కోట్ల డాలర్లు. బ్యాకప్‌కు అదనంగా 50 లక్షల డాలర్లు పెడితే అందులో రెండు శాతం లోపే. చవక అంటారు కొందరు. కానీ 2024 ఒప్పందం ప్రకారం ప్రెస్కాట్ ఏడాది సగటు ఆరు కోట్ల డాలర్లు, హర్ట్స్‌ది 5.1 కోట్లు. ఒకే స్థానంలో అంత పెట్టాక మళ్లీ అదే స్థానంలో ఇంకో 50 లక్షలు పెట్టే బదులు, ప్రతి మ్యాచ్‌లోనూ ఆడే గార్డ్‌కో (ముందు లైన్ ఆటగాడు), డిఫెన్స్‌లోని కార్నర్‌బ్యాక్‌కో ఇస్తే మేలు కదా అన్నది ఎదుటి వాదన. స్టార్టర్ ఒక్క మ్యాచ్ కూడా తప్పని ఏడాది ఈ వాదనే గెలుస్తుంది. అతను 12 తప్పితే, 2015 అవుతుంది.

ఈగల్స్ పెట్టుబడి పెడుతుంది, కౌబాయ్స్ పిసినారితనం చేస్తుంది అన్న ప్రచారం కూడా లెక్కకు సగమే నిలుస్తుంది. 2023 ఆగస్టులో డాలస్ ఒక నాలుగో రౌండ్ డ్రాఫ్ట్ ఎంపిక ఇచ్చి ట్రే లాన్స్‌ను తెచ్చుకుంది. 2021 డ్రాఫ్ట్‌లో మొత్తం మీద మూడో ఎంపిక అతను. రెండు సీజన్లలో అతను డాలస్ తరఫున ఆరంభించిన మ్యాచ్ ఒక్కటి. పిలుపు వచ్చినప్పుడు దాదాపు ఎప్పుడూ ముందు వరసలో నిలిచింది డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోని రష్షే. అదే ఏడాది ఫిలడెల్ఫియా మెక్కీని ఆరో రౌండ్‌లో, 188వ ఎంపికగా తీసుకుంది. ఖరీదు డాలస్‌దే ఎక్కువ.

బ్యాకప్ మరీ బాగుంటే

2020 డ్రాఫ్ట్‌లో ఈగల్స్ రెండో రౌండ్‌లో హర్ట్స్‌ను ఎంచుకున్నప్పుడు చాలామంది విస్తుపోయారు. ఏడాది ముందే వెంట్జ్‌కు పెద్ద ఒప్పందం ఇచ్చారు. మీద కూర్చోబెట్టిన మనిషి కింద ఇంత పదునైన పోటీ ఎందుకు? పైగా వెంట్జ్ ఆడే స్టేడియం బయట అప్పటికే ఫోల్స్ విగ్రహం ఉంది. ఆ డిసెంబర్‌కు హర్ట్స్ స్టార్టర్ అయ్యాడు, తర్వాతి ఏడాది వెంట్జ్ వేరే జట్టుకు వెళ్లాడు. బ్యాకప్ బలం జట్టును చీల్చిందని ఒక వర్గం అంటుంది. ఆ బీమా తీసుకోకపోతే వెంట్జ్ ఆట దిగజారినప్పుడు ఈగల్స్ ఏమయ్యేదని ఇంకో వర్గం అడుగుతుంది. 2025 ఫిబ్రవరిలో హర్ట్స్ కాన్సాస్ సిటీ మీద 40-22తో సూపర్ బౌల్ గెలిచాక రెండో వర్గానిదే పైచేయి. కానీ హర్ట్స్ నిలదొక్కుకోకపోయి ఉంటే అదే నిర్ణయాన్ని ఇవాళ తిట్టిపోసేవాళ్లం.

డాలస్ చరిత్ర కూడా ఇదే. రోమో డ్రాఫ్ట్‌లో ఎంపిక కాని బ్యాకప్‌గా వచ్చి 2006లో డ్రూ బ్లెడ్సో కుర్చీ ఎక్కాడు. పదేళ్ల తర్వాత, 2016 శిక్షణ శిబిరంలో బ్యాకప్ కెలెన్ మూర్ కాలు విరిగి, సన్నాహక మ్యాచ్‌లో రోమో వెన్ను దెబ్బతిని, నాలుగో రౌండ్ 135వ ఎంపికైన ప్రెస్కాట్‌కు అవకాశం దక్కింది. ఆ ఏడాది డాలస్ 13 గెలిచింది. రోమో కోలుకున్నా కుర్చీ తిరిగి రాలేదు. అంటే ఇప్పుడు రెండు జట్లకూ దళపతులుగా ఉన్న హర్ట్స్, ప్రెస్కాట్ ఇద్దరూ ఆ జట్లలోకి వచ్చింది బ్యాకప్‌లుగానే. బ్యాకప్ బలం లేదని ఎగతాళి పడే డాలస్‌కు ఇరవై ఏళ్లుగా క్వార్టర్‌బ్యాక్‌లను ఇచ్చింది ఆ బెంచీయే. డెప్త్ అంటే ఈ ఆదివారం ఎవరు ఆడతారన్నదేనా, మూడేళ్ల తర్వాత ఎవరు ఆడతారన్నది కూడానా? జవాబునుబట్టి పోలిక ఫలితమే మారిపోతుంది.

మెక్కీ, మిల్టన్: ఒకే రోజు, ఒక్కో మ్యాచ్

2025 సీజన్ ముందు రెండు జట్లూ బెంచీని తిరగరాసుకున్నాయి. రష్ బాల్టిమోర్ వెళ్లాడు. డాలస్ న్యూ ఇంగ్లండ్ నుంచి జో మిల్టన్‌ను తెచ్చింది. ఫిలడెల్ఫియా పికెట్‌ను క్లీవ్‌లండ్‌కు పంపి మెక్కీని రెండో స్థానానికి జరిపింది.

విచిత్రంగా, అప్పటికి మెక్కీ ఆరంభించిన ఒకే ఒక్క మ్యాచ్, మిల్టన్ ఆడిన ఒకే ఒక్క మ్యాచ్ ఒకే రోజు, 2025 జనవరి 5న జరిగాయి. మెక్కీ జెయింట్స్ మీద 41 పాస్‌లలో 27 చేర్చి 269 గజాలు, రెండు టచ్‌డౌన్‌లు సాధించాడు. ఈగల్స్ 20-13తో గెలిచింది. మిల్టన్ బఫలో మీద 29 పాస్‌లలో 22 చేర్చి 241 గజాలు సాధించాడు. ఒక టచ్‌డౌన్ పాస్ వేసి, ఇంకోటి తనే పరుగెత్తి చేశాడు. న్యూ ఇంగ్లండ్ 23-16తో గెలిచింది.

అంకెలు దగ్గరదగ్గరగా ఉన్నాయి. వాటి వెనక ఏముందో చూస్తే చేతికి మిగిలేది తక్కువ. ఆ రోజు ఈగల్స్ తన ప్రధాన ఆటగాళ్లలో చాలామందికి విశ్రాంతి ఇచ్చింది, అంటే మెక్కీ ఆడింది రెండో వరస జట్టుతో. కానీ ఎదురుగా ఉన్నది ఆ సీజన్‌లో మూడే గెలిచిన జెయింట్స్. మిల్టన్ ఎదుట బఫలో కూడా ప్లేఆఫ్స్ కోసం మొదటి వరసను దాచుకుంది. మిల్టన్ భుజబలం లీగ్‌లోనే పేరున్నది, బంతి వేగం చూస్తే ఎవరికైనా ఆశ పుడుతుంది. మెక్కీది కుదురైన ఆట, సమయానికి బంతి వదిలేస్తాడు. రష్‌కు డాలస్‌లో పనికొచ్చిన గుణం మెక్కీ దగ్గరే ఎక్కువ కనిపిస్తుంది. ఆ గుణం ఉన్న రష్‌ను వదులుకుని డాలస్ పైమెట్టు ఎక్కగల కుర్రాడి మీద పందెం కాసింది. ఒక్క మ్యాచ్ సాక్ష్యంతో తీర్పు చెప్పమంటే, నాలుగు వారాల అవసరానికి నేను మెక్కీనే కోరుకుంటాను. మూడేళ్ల ఆశకైతే మిల్టన్‌ను తీసిపారేయను.

ఇంతలో ఆగస్టులో మెక్కీ బంతి విసిరే చేతి బొటనవేలికి గాయమైంది. సీజన్‌కు ఇంకా పది రోజులకు పైగా ఉంది, హర్ట్స్ నిక్షేపంగా ఉన్నాడు. అయినా ఈగల్స్ డ్రాఫ్ట్ ఎంపికలు ఇచ్చి మిన్నెసోటా నుంచి సామ్ హవల్‌ను తెచ్చుకుంది. 2023లో వాషింగ్టన్ తరఫున 17 మ్యాచ్‌లూ ఆరంభించిన మనిషి అతను. బెంచీ మీద రెండో కుర్చీ కొన్ని వారాలు ఖాళీ అవుతుందేమోనన్న అనుమానానికి ఆ జట్టు చెల్లించిన ధర అది.